వికారాబాద్ నుంచి తాండూరుకు: అనంతమ్మత్త ఓటు వేసిన రోజు

తాండూరుకు నేను మొదటిసారి వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, మా మేనత్త ఓటు వేయడానికి. అరవైల మొదట్లో మాట ఇది. వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో వెళ్ళాలనుకునేవాళ్ళు దారిలో ఏముంటుంది, ఏ పూట బయల్దేరితే మంచిది అని నన్ను అడుగుతుంటారు. ఆ దారిలో తర్వాత ఎన్నోసార్లు తిరిగాను. ఒక్కో మలుపూ గుర్తున్నది మాత్రం ఆ మొదటి ప్రయాణంలోదే. ఆ రోజు మేమిద్దరం కిటికీలోంచి చూసింది తక్కువ, ఎక్కిన దిగిన మనుషుల ముఖాలు చూసింది ఎక్కువ.

ముందు కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. నిజాం కాలంలో జిల్లా బోర్డు అంటే అధికారులు, వాళ్ళు పేరు రాసుకున్న పెద్దమనుషులు. పోలీసు చర్య తర్వాత ఆ కుర్చీలు కదిలాయి గానీ కూర్చునే ఇళ్ళు పెద్దగా మారలేదని మా ఇంట్లో అనుకునేవారు. యాభై ఆరులో రాష్ట్రాలు విడిపోయి కలిసేదాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. తర్వాత హైదరాబాదు జిల్లాకొచ్చింది. ఆ తర్వాత పంచాయతీ సమితులు, వాటి మీద జిల్లా పరిషత్తు వచ్చాయి. ఊరి సర్పంచులు సమితిలో సభ్యులు. వాళ్ళకు తోడు ఇద్దరు ఆడవాళ్ళను సభ్యులే ఎంచుకోవాలి. అందరూ కలిసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటే, ఆయన వెళ్ళి జిల్లా పరిషత్తులో శాసనసభ్యుల పక్కన కూర్చుంటాడు. ఏ ఊరికి రోడ్డు, ఏ ఊరికి బడి అన్నది అక్కడ తేలుతుంది. అందుకని సమితిలో ఒక్క ఓటుకు కూడా చాలా బరువుండేది.

మా మేనత్త అనంతమ్మ అలా ఎంపికైన సభ్యురాలు. పెద్దేముల్ దగ్గర పల్లెలో ఉండేది. భర్త పోయాక మెట్ట సేద్యం తనే చూసుకునేది. చదువు లేదు. చెప్పినచోట వేలిముద్ర వేస్తుందని రెండు వర్గాలూ ఎవరికివారు అనుకుని ఆమె పేరుకు ఒప్పుకున్నాయి. ఒక వర్గానికి కందుల వ్యాపారం చేసే ఒక సావుకారు పెద్ద, రెండోదానికి బషీరాబాద్ వైపు పటేలు ఒకాయన. ఎన్నిక దగ్గరపడేసరికి ఇద్దరి మనుషులూ అత్త వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. కొందరు సర్పంచులను జీపుల్లో ఎక్కడికో తీసుకెళ్ళి దాచారని కూడా వినవచ్చింది. ఆమె ఎవరికీ చెప్పకుండా బండి కట్టించుకుని వికారాబాద్‌లో మా ఇంటికొచ్చేసింది.

మా నాయన చెల్లెల్ని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడాడు. తారీఖు ఇంకా ఖాయం కాలేదనీ, కాగానే తానే తాండూరు తీసుకెళ్తాననీ అన్నాడు. నన్ను పిలిచి, నువ్వు మెట్రిక్ పాసైనదానివి, అత్తను కనిపెట్టుకుని ఉండు, ఎవరేం కాగితం తెచ్చినా తీసుకోవద్దు, వేలు పెట్టనియ్యొద్దు అని గట్టిగా చెప్పాడు. కాగితం మీద వేలుపడితే ఓటు పోయినట్టేనట. చెప్పి, కందుల బేరానికని తాండూరు వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన మర్నాడు సాయంత్రం ఒక మనిషి తలుపు తట్టాడు. ఖాకీ చొక్కా, చంకలో బట్టసంచి, కాళ్ళనిండా దుమ్ము. తన పేరు మొగులయ్య అనీ, సమితి ఆఫీసులో జవాననీ, అత్తను వెతుక్కుంటూ నాలుగు రోజులుగా తిరుగుతున్నాననీ చెప్పాడు. ఆమెను తీసుకొచ్చిన బండివాడు మా ఇల్లు చెప్పాడట. రేపు పదకొండు గంటలకు తాండూరులో ఎన్నిక, ఈ నోటీసు తీసుకుని వేలిముద్ర వేయండి అని కాగితం చాపాడు. నేను తలుపు వేసేశాను. అతను తలుపు అవతలి నుంచి బతిమాలాడు, తర్వాత గొంతు తగ్గించాడు, తర్వాత అరుగు మీద చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి అత్త చీర మార్చుకుని కూర్చుంది. వాడు చెప్పింది అబద్ధమైతే పోయేది రైలు కిరాయే, నిజమైతే పోయేది ఓటు అంది. నాయన రాలేదు కదా అని నేను నసిగాను. వచ్చేదాకా కూర్చుంటే పొద్దు ఆగుతదా అంది.

పొద్దున ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాం. మూడో తరగతి టికెట్ మనిషికి రూపాయి లోపే. చలికాలం. ప్లాట్‌ఫారం మీద జామకాయలమ్మే ఆమె, ఎక్కడికమ్మా ఇంత పొద్దుగాల అని అడిగితే అత్త విననట్టు పక్కకు తిరిగింది. పక్కన కూర్చున్న బట్టల వర్తకుడు మాది ఏ ఊరని అడిగితే నేను వేరే ఊరి పేరు చెప్పాను. రైలు అనంతగిరి అడవి అంచున మెల్లగా దిగుతుంటే, పెట్టె చివర బల్ల మీద ఖాకీ చొక్కా కనిపించింది. మొగులయ్యే. మమ్మల్నే చూస్తున్నాడు.

ధారూరు దాటాక మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, జర వేలు పెట్టుండ్రి. పెట్టకపోతే నా నౌకరి పోతది."

అత్త కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. అతను వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చున్నాడు. ఎన్నిక నిజమే కావచ్చు, కానీ ఆ కాగితంలోనే మోసముంది, లేకపోతే రైలు దాకా ఎందుకొస్తాడు అని అత్త నా చెవిలో గొణిగింది. నాకూ అలాగే తోచింది. తాండూరు స్టేషన్లో వీడి మనుషులు నలుగురుంటే మనమేం చేస్తామని భయం పట్టుకుంది. రుక్మాపూర్‌లో రైలు ఆగగానే, అతను బీడీ ముట్టించుకోవడానికి అటు తిరిగిన క్షణంలో, ఇద్దరం ఇవతలి వైపు దిగేశాం. రైలు కదిలాక అతను తలుపు దగ్గరికొచ్చి చేతిలో కాగితం ఊపడం కనిపించింది.

అక్కడి నుంచి తాండూరుకు కందుల బస్తాలతో పోతున్న ఎద్దుబండి దొరికింది. తోలుతున్న ముసలాయనది బంట్వారం వైపు. ఎక్కించుకున్నాడు గానీ మమ్మల్ని ఆయనా అనుమానంగానే చూశాడు. సంచి లేదు, మూట లేదు, ఇద్దరు ఆడవాళ్ళు రైలు వదిలి బండెక్కడమేమిటని. పొద్దున్నుంచి ఈ దారిన జీపులు మస్తు తిరుగుతున్నాయని మాత్రం చెప్పాడు. చెబుతుండగానే ఒక జీపు దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. మేము ముఖాల మీదికి కొంగు లాక్కున్నాం. దారికి రెండు పక్కలా కోసిన కంది చేలు, వాటి వెనక బండలు తీసిన గుంతలు, అంచుల్లో పేర్చిన నాపరాళ్ళు. దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. దిగాక అత్త పావలా ఇవ్వబోతే, ముసలాయన తీసుకోలేదు. అది కూడా మాకు అనుమానంగానే అనిపించింది.

సమితి సమావేశం ఒక పెంకుటింటి హాల్లో. మేము వరండా ఎక్కేసరికి పదకొండు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. గుమ్మం దగ్గర మొగులయ్య ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. లోపల ముప్పైమంది దాకా మగవాళ్ళు, బల్ల వెనక ఎన్నికల అధికారి. పటేలు నిలబడి ఏదో కాగితం మీద వాదిస్తున్నాడు. గుమ్మంలో అత్తను చూడగానే ఆయన మాట ఆగిపోయింది.

సంగతేమిటంటే, ఒక సభ్యురాలికి నోటీసు అందలేదు కాబట్టి ఎన్నిక వాయిదా వేయాలని ఆయన అర్జీ. ఆయన వైపు సర్పంచులు ఇద్దరు ఇంకా చేరలేదట, ఆ రోజు ఓటింగు జరిగితే ఓడిపోతాడు. అధికారి ఆ అర్జీ అత్త చేతికిచ్చి, ఇందులో రాసింది నిజమేనా అని అడిగాడు. అత్త దాన్ని నాకిచ్చింది.

చదవడం మొదలుపెట్టాను. వికారాబాద్‌లో అన్న ఇంట్లో ఉన్న అనంతమ్మ గారికి ఈ రోజు వరకు ఏ నోటీసూ ముట్టలేదు అని రాసుంది. రెండో వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. కింద సంతకం పటేలుది. పైన ఉన్న రాత నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నది. ఉర్దూ బడిలో చదువుకున్న మా నాయన తెలుగు అక్షరాలను ఎడమకు వాల్చి రాసేవాడు, తలకట్లు పెట్టేవాడు కాదు.

అత్త నా ముఖం చూసింది. "ఎవరి రాత బిడ్డా?"

చెప్పకుండా ఉండొచ్చు. హాలంతా మా వైపే చూస్తోంది.

"నాయనది," అన్నాను.

ఆమె కొంగు అంచు వేళ్ళకు చుట్టుకుని, విప్పింది. తర్వాత అధికారి వైపు తిరిగింది.

"సారూ, నోటీసు నిన్ననే తెచ్చిండు ఆయన. మా ఇంటికొచ్చిండు. మేమే తీస్కోలే. తప్పు మాది, ఆ జవానుది కాదు. ఇప్పుడు నేనొచ్చిన కద, ఎలక్షన్ కానియ్యుండ్రి."

కొందరు నవ్వారు. ఆడమనిషి, కాగితం చూసి భయపడ్డదన్నమాట అని ఒకరన్నారు. అత్త తల దించుకోలేదు. అధికారి ఆమె మాటను రాయించుకుని వేలిముద్ర తీసుకున్నాడు, ఎన్నిక జరిపించాడు. సావుకారు రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. అత్త ఎవరికి వేసిందో ఆమె చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

బయటికొచ్చాక వరండాలో మొగులయ్య సంచిలోంచి రసీదు తీశాడు. అత్త దాని మీద కూడా వేలు పెట్టి, నాలుగు రోజులు తిప్పినందుకు తప్పు కాయమని అడిగింది. అతను ఆ కాగితాన్ని ఆరేదాకా చేతిలోనే పట్టుకుని, నౌకరి నిలవడ్డదమ్మా అన్నాడు. ఆఫీసు దగ్గర హోటల్లో మాకు చాయ్ ఇప్పించాడు. అక్కడ కొందరు కన్నడంలో, కొందరు తెలుగులో అప్పటికే రోడ్లు పంచుకుంటున్నారు.

మధ్యాహ్నం రైలుకు తిరుగుప్రయాణం. అత్త నాతో రాలేదు, తాండూరు నుంచే తన ఊరికెళ్ళిపోయింది. నాయన ఆ ఎన్నిక సంగతి నన్ను ఎన్నడూ అడగలేదు. అత్తకు నోటీసు అందకుండా చూస్తే, పరిషత్తు వేసే రోడ్డుకు కంకర, బండల కంట్రాక్టు ఇప్పిస్తానని పటేలు ఆయనకు మాటిచ్చాడని మా అమ్మ ద్వారా చాలా రోజులకు తెలిసింది. రెండేళ్ళు అత్త మా గడప తొక్కలేదు. నా పెళ్ళికి వచ్చింది. అన్న వడ్డిస్తే తిన్నది, మాట్లాడలేదు. సావుకారు జిల్లా పరిషత్తుకు వెళ్ళాడు. మంజూరైన మొదటి రోడ్డు ఆయన పప్పుమిల్లు ముందునుంచే పోయింది. అత్త పదవి ఉన్నన్నాళ్ళూ ఒక్క సమావేశం మానలేదు. పెద్దేముల్ వైపు రోడ్డు అడిగి అడిగి, ఆఖరికి తన ఊరికి ఒక బడి గది సాధించింది. ఏడాది తిరక్కుండా సంతకం కూడా నేర్చుకుంది.

ఆ రోజు మేము జామకాయలామెను అనుమానించాం, బట్టల వర్తకుణ్ణి, బండి ముసలాయన్ని, నౌకరీ కోసం తిరిగిన ఒక పేదవాణ్ణి అనుమానించాం. మాకు అనుమానించడం నేర్పిన మనిషిని మాత్రం మేమిద్దరం ఒక్కసారీ అనుమానించలేదు. జిల్లా పరిషత్తుల చరిత్ర రాసేవాళ్ళు ఏ వర్గానికి ఎన్ని సీట్లని లెక్క రాస్తారు. ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసిన ఏళ్ళు అందులో ఉండవు. నాయన మీద కోపం నాకు ఇప్పుడు లేదు. కానీ ఆ హాల్లో నేను ఆ ఒక్క మాట మింగేసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అటు వెళ్ళి పాత సమితుల తీర్మానాల పుస్తకాలు చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. పనిదినాల్లో పొద్దుటి ప్యాసింజరుకే వెళ్ళండి. భోజనాల వేళ దాటితే రికార్డు గది తాళం చెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్ళు దొరకరు. పోలీసు చర్యకు ముందువి, వెంటనే తర్వాతవి ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదవగలిగిన మనిషిని మీరే వెంట తీసుకెళ్ళండి.