డాక్టరు అన్నది, నేను చెప్పింది

మా చెల్లెలు అంజమ్మ నన్ను దేవుడంటుంది. నలుగురిలో అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లేచిపోతాను. మూడు పుష్కరాలు దాటాయి, ఈ బరువు మోయబట్టి. నా భార్యకు చెప్పలేదు, ఏ స్నేహితుడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడానికి కూర్చున్నాను. ఓదార్చకండి. వినండి చాలు.

ఎనభైల మధ్యలో నేను జడ్చర్లలో బడిపంతులుని. అంజమ్మను మక్తల్ దగ్గరి పల్లెలో ఇచ్చాం. బావ జొన్నా కందీ వేసుకునే రైతు. వాళ్ళ పెద్దబిడ్డ పద్మకు అప్పుడు ఆరేళ్ళు. పొద్దున లేవగానే తలనొప్పి అనేది, వాంతి చేసుకునేది, మధ్యాహ్నానికల్లా లేచి ఆడుకునేది. ఊళ్ళో నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు. నడక తూలడం మొదలయ్యాక నా దగ్గరికి తెచ్చారు. హైదరాబాదులో పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయాను. మెదడు వెనక భాగంలో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. ఇంతవరకూ నేను మంచివాణ్ణే.

ఆపరేషన్ తర్వాత పిల్లనూ తల్లిదండ్రులనూ మా ఇంట్లోనే ఉంచుకున్నాను. రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గదిలో గుండు తలకు కట్టుతో పద్మ, పక్కన వాంతికి పెట్టిన తట్ట, ఎంత కడిగినా పోని వాసన. ఒకరోజు ఇంటి ఓనరు గేటు దగ్గర ఆపాడు. "సార్, ఏమనుకోకుండ్రి. పిల్లకు ఏమన్న అయితే మాత్రం నా ఇంట్ల కావద్దు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా వైపు కిరాయి ఇంట్లో చావు జరిగితే ఇల్లు మూసిపెట్టాలి, మళ్ళీ ఎవరూ దిగరు. ఎవరైనా అదే అంటారు. నేను సరేనన్నాను. తప్పు నా భార్య మీదికి నెట్టేద్దామని తర్వాత చాలాసార్లు మనసులో ప్రయత్నించాను. కుదరలేదు. ఆమె ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు.

తీసిన గడ్డను పరీక్షకు పంపారు. ఆ ఫలితం కోసం మళ్ళీ ఆసుపత్రికి పోయాం. నర్సు తలుపు తీసి, "చదువుకున్నోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని పిలిచింది. అక్కడ ఎప్పుడూ అదే పిలుపు. కన్నవాళ్ళు బయట బెంచీ మీద, చదువుకున్నవాడు లోపల. అంజమ్మ నా వీపు మీద చెయ్యివేసి లోపలికి తోసింది.

డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. గడ్డ చెడ్డదే, క్యాన్సరే. ఇదివరకు ఇలాంటి పిల్లలు దాదాపు ఎవరూ మిగిలేవాళ్ళు కాదు. ఇప్పుడలా కాదు, ఆపరేషన్ తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పూర్తిగా పెట్టిస్తే బతికేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. ఆరు వారాలు, ఆదివారం తప్ప రోజూ రావాలి. హామీ ఇవ్వలేను, కానీ ఈ పిల్లకు అవకాశం ఉంది. సోమవారం మొదలుపెడదాం.

నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

ఆ తలుపుకూ ఆ బెంచీకీ మధ్య ఏం జరిగిందో ఎన్నిసార్లు తవ్వుకున్నానో. పద్మ నాకు కనిపించలేదు. మా ముందు గది కనిపించింది. ఆరు వారాల బస్సు ప్రయాణాలు, బడికి సెలవులు, ఆ తట్ట, ఆ వాసన, చివరికి ఇంట్లో పిల్ల శవం, వీధిలో నా సామాను. అవకాశం ఉందని ఆయన అంటుంటే నేను చావు గురించి లెక్కలు వేసుకుంటున్నాను. ఇంత చిన్న మనిషినా నేను?

"ఏమన్నడన్నా?"

"లాభం లేదన్నడు చెల్లె."

"కరెంటు పెడుతరని పక్క బెడ్డు టైలరు చెప్పె గద?"

"పెట్టినా దండుగేనట. పిల్లను తిప్పలు పెట్టుడే. ఇంటికి తీస్కపోయి అడిగింది పెట్టుమన్నడు."

బావ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అంజమ్మ ఏడవలేదు. నా మొహంలోకి చూసింది.

"నిజంగ గట్లనే అన్నడా?"

"గట్లనే అన్నడు."

రెండోసారి అడిగింది. అప్పుడైనా నాలుక మడతేసి ఉండొచ్చు. సరిగా వినలేదు, ఇంకోసారి అడిగొస్తానంటే సరిపోయేది. అనలేదు. ఆ సాయంత్రమే వాళ్ళను మక్తల్ బస్సెక్కించాను. కిటికీలోంచి పద్మ నాకు చెయ్యూపింది. ఇల్లు కడిగించుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. అదీ చెప్పాలి కదా.

జొన్న కోతల్లో పద్మ తల్లి ఒళ్ళో పోయింది. మా అన్న ఉన్నది ఉన్నట్టు చెప్పబట్టి బిడ్డ ఆసుపత్రుల పాలు కాలేదని, తన ఒళ్ళోనే కన్నుమూసిందని అంజమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

ఆ టైలరుది కొల్లాపూర్. ముస్లిం. అతని కొడుక్కీ అదే గడ్డ, అదే ఆపరేషన్. ఆసుపత్రి వరండాలో స్టవ్వు పెట్టుకుని ఆరు వారాలూ ఉండిపోయాడని తర్వాత తెలిసింది. తొంభైల్లో జడ్చర్ల బస్టాండులో నన్ను గుర్తుపట్టి పలకరించాడు. పక్కన నూనూగు మీసాల కుర్రాడు. నడక కొంచెం తూలుతోంది, ఒక చెవి వినబడదట, చదువు అబ్బలేదట. దుకాణంలో గుండీలు కుడతాడట. మీ పాప ఎట్లుందని అడిగాడు. పోయిందన్నాను. అల్లా మర్జీ అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. అల్లా మర్జీ కాదు, నా మర్జీ. ఆ మాట అనకుండానే బస్సెక్కాను.

పద్మ బతికేదా? ఏమో. కరెంటు పెట్టించినా పోయిన పిల్లలున్నారు. ఈ 'ఏమో' పట్టుకుని చాలాకాలం వేలాడాను. కానీ ఆ 'ఏమో' కన్నతల్లిది, నాది కాదు. దాన్ని ఆమె చేతికందకుండా చేశాను. అలాంటి పిల్లలు మునుపటికన్నా ఎక్కువగా బతుకుతున్నారని పేపర్లో అప్పుడప్పుడూ వస్తుంది. అందరికీ అది మంచివార్త. నా తప్పు మాత్రం వార్త వార్తకూ పెద్దదవుతోంది.

మొన్న అంజమ్మ చిన్నకొడుకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో డాక్టరు తెలుగులోనే చెబుతున్నా ఆమె వినలేదట. మా అన్న రావాలి, ఆయన చెబితేనే నమ్ముతానని కూర్చుంది. వెళ్ళాను. విన్నాను. చెప్పాను. నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

ఆమెకు చెప్పేయాలని ఆ రోజూ అనుకున్నాను. చెబితే బిడ్డను రెండోసారి పోగొట్టుకుంటుందని, ముసలితనంలో ఆమెకెందుకీ చిచ్చని ఆగిపోయాను. మంచి కారణమే. నాకు మంచి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. ఆ తలుపు దగ్గరా దొరికింది, పిల్లకు తిప్పలు తప్పుతాయని.

ఆమెకు చెప్పగలనో లేదో తెలియదు. ఒక్కటి మాత్రం చేశాను. ఆ రోజు డాక్టరు అన్నమాట ఒక్క ముక్క మార్చకుండా ఇక్కడ రాశాను. మొదటిసారి.