వానకు తట్టుకునే హబ్బు కోసం ఖరగ్‌పూర్ దాకా

వానాకాలంలో గేర్ల సైకిలు తొక్కేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. తొంభైల నడిమి సంగతి. విజయనగరంలో నేను డ్రిల్లు టీచరుని. నలుగురు ఆడపిల్లలతో శృంగవరపుకోట దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలని అన్నీ సిద్ధం చేసుకుని, ముందుగా ఒక్కదాన్నే దారి చూడబోతే, జడివానలో నా మౌంటెన్ బైకు ముందుచక్రం హబ్బు, అంటే ఇరుసు చుట్టూ తిరిగే నడిమి గొట్టం, గరగరలాడి బిగుసుకుపోయింది. దారిలో బండి ఆగదని మాటిస్తేనే పిల్లల్ని పంపుతానన్నారు హెడ్మాస్టరు. ఊళ్ళో మెకానిక్కులు ఆ హబ్బును చూసి తల అడ్డంగా ఊపారు. ఇక మిగిలింది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న మా చిన్నాన్నే.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి హౌరా వెళ్ళే మెయిలెక్కాను. గోనెసంచిలో చుట్టిన చక్రం సీటు కింద పట్టక ఒళ్ళో పెట్టుకున్నాను. బరంపురం వెళ్తున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "మిగతా సైకిలు ఏ పెట్టెలో ఉందమ్మా?" అని అడిగింది. నవ్వాపుకోలేక నా పులిహోరలో సగం ఆవిడకి పెట్టాను.

తెల్లారి ఐదున్నరకు దిగేసరికి సన్నగా చినుకులు. రిక్షాలో చిన్నాన్నవాళ్ళుండే ట్రాఫిక్ కాలనీకి చేరాను. చిన్నాన్నకు ఆవేళ సెలవు. పిన్ని బొరుగులూ టీ తెచ్చేలోపే ఆయన వరండాలో పాత పేపరు పరిచి, అరగదీసి పల్చన చేసుకున్న స్పానరుతో, ఇరుసు చివర గోళీలను నొక్కిపట్టే కోను విప్పాడు. ఇటుకరంగు బురద కారింది. తడిసొచ్చాక ఏం చేసేదానివని అడిగాడు. ప్రతిసారీ బడితోట పైపుతో హబ్బుకి గురిపెట్టి కడిగేదాన్నని గొప్పగా చెప్పాను.

"వాన పైపైన తడిపినాది. నువ్వు పైపు ఎట్టి లోపలికి పోసినావు," అన్నాడు.

సిగ్గేసింది. ఇన్నాళ్ళూ వానను తిట్టుకున్నాను మరి.

లోపల ఉక్కు గోళీలు తిరిగే గాడి బాగుంటేనే హబ్బు బతుకుతుందట. కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బాల్‌పెన్ను మొనను గాడి చుట్టూ తిప్పమన్నాడు. గుంటలుంటే మొన తట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టి తిప్పాను. రెండువైపులా ఎక్కడా తట్టుకోలేదు. చెడినవి గోళీలే. పాతవీ కొత్తవీ కలపకూడదని, గోల్‌బజార్‌లో ఒకే పొట్లంలోవి పక్కకి పది చొప్పున తెచ్చుకున్నాం.

కోనుకీ పైమూతకీ మధ్య నీళ్ళు దూరకుండా కంబళి ముక్కను గుండ్రంగా కత్తిరించి పెట్టమన్నాడు. గ్రీజు పెట్టించి, అంతా నా చేతే బిగింపించి, చక్రాన్ని అడ్డంగా పట్టించి హబ్బును నిండు బకెట్లో ముంచి గంటసేపు తిప్పించి, మళ్ళీ విప్పమన్నాడు. గ్రీజు పాలలా తెల్లబడింది. అంటే నీళ్ళు చేరాయన్నమాట. కంబళిని పొడిగా పెట్టాను, అది నీటిని పీల్చుకుంది. ఆయనకి ముందే తెలుసట! ఒళ్ళు మండింది. మధ్యాహ్నం భోంచేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కంబళిని గ్రీజులో నానబెట్టి, సందుల్లోనూ గ్రీజు నిండా కూరాను. ఇరుసును వేళ్ళతో తిప్పితే గరగర ఉండకూడదు, ఊపితే కదలకూడదు. అలా కుదిరేదాకా కోను బిగించాను. మళ్ళీ బకెట్, మళ్ళీ గంట. విప్పితే గ్రీజు రంగు మారలేదు. ఎగిరి గంతేయాలనిపించింది.

రాత్రికి వాళ్ళింట్లోనే పడుకుని మర్నాడు మధ్యాహ్నం రెండింటి బండికి బయల్దేరాను. ఇప్పుడు హెడ్మాస్టరుకి మాటివ్వొచ్చు కదా అని ప్లాట్‌ఫారం మీద అడిగాను. చిన్నాన్న చక్రం నా చేతికందించాడు.

"ఆగదని సెప్పకమ్మా. ఇనుము మీద అలాటి మాట నేనెప్పుడూ ఇవ్వనేదు. ఆగితే ఇప్పి బిగించుకుంటామని సెప్పు."

"నా ఒక్కదానికేగా ఈ పని వచ్చింది?"

"మరి ఆ నలుగురికీ సేతులు నేవేటి?"

బండి కదిలింది. కిటికీ పక్కన కూర్చుని చక్రాన్ని వేలితో తిప్పి చూసుకున్నాను, చప్పుడే లేదు. సంతోషంగానే ఉంది కానీ ఆయన మాట వదల్లేదు. విజయనగరం వచ్చేలోగా తేల్చుకున్నాను: హెడ్మాస్టరుకి ఆ మాట ఇవ్వను. సోమవారం ఆ నలుగురినీ బడి వరండాలో కూర్చోబెట్టి, ముందు ఈ చక్రమే విప్పిస్తాను. ఇప్పటిదాకా నా సైకిలుని వాళ్ళను ముట్టనివ్వలేదు నేను.