కాతిబ్ పేరు ఎక్కని జాబితా

పాతబస్తీలో యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఒక రేకుల గది, అదే మా ప్రాజెక్టు. ఒకే పెళ్లికార్డు మీద తెలుగూ ఉర్దూ పక్కపక్కన పడేలా చేసే సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ప్రోగ్రామ్ రాసింది నేను. ఉర్దూ అక్షరాలు ఒక్కొక్కటీ కలంతో గీసింది కాతిబ్ భాయ్. కాతిబ్ అంటే ఉర్దూ చేతిరాతగాడు; తాతల నాటి పని ఆయనది. కంప్యూటర్లొచ్చాక అడిగేవాడు లేక ఖాళీగా కూర్చున్నాడు. ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు అచ్చేసేవాళ్లు తప్పు కనబడితే ఆ కార్డే పట్టుకుని ఆయన దగ్గరికొచ్చేవారు. ఆయన అక్షరం సరిచేసి గీసిస్తే నేను ఎక్కించేవాణ్ణి.

మా సర్వరంటే నా పాత కంప్యూటరే. కరెంటు పోతే ప్రాజెక్టూ పోయినట్టే. అలాంటి రోజుల్లో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లను ఒకచోట చేర్చే ఒక పెద్ద ఓపెన్‌సోర్స్ సంఘం మమ్మల్ని చేరమంది. సర్వర్, వెబ్‌పేజీ అన్నీ వాళ్లే చూసుకుంటారట. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

"వాళ్లిచ్చే కొత్త గది మంచిదే భాయ్. గానీ మన కార్డులోళ్లు ఆడికెట్ల వస్తరు?" అన్నాడు కాతిబ్ భాయ్.

"మీదంతా ఊరికే భయం! ఎన్నాళ్లు ఈ రేకుల కిందే కూర్చుంటాం?" అని కసిరాను. ఆయన సరేనని మళ్లీ కలం అందుకున్నాడు. నా మీద అంత నమ్మకం.

చేరాక తెలిసింది. మార్పులు ఎవరి పేరున నమోదైతే వాళ్లకే సభ్యుల జాబితాలో చోటు. ఇన్నేళ్లూ ఎక్కించింది నేను, నా పేరుతోనే. ఆయన పేరు విడిగా రాయాలని నాకు తోచనే లేదు. పక్కన కూర్చున్న మనిషి పేరు ఎవరైనా రాసుకుంటారా? అక్షరాలు ఆయనవేనని సంఘానికి చెప్పుకున్నాను. కొత్తవాళ్లందరిలాగే ఆయన్నీ ఇంగ్లిష్‌లో దరఖాస్తు పెట్టుకోమన్నారు, మర్యాదగానే.

అది ఆయనకు చదివి చెప్పాను.

"నా అక్షరాలకు నేనే అర్జీ పెట్టుకోవాల్నా భాయ్?" అని నవ్వాడు. కలం కడిగి పెట్టేసి వెళ్లిపోయాడు. వెళ్లి కాళ్లు పట్టుకుని పిలవాల్సింది. పిలవకపోగా, ఏమిటీ అలక అని ఎదురు కోపం తెచ్చుకున్నాను. ఛీ, ఏం మనిషినో!

కొన్నేళ్లకు ఆయన పోయాడని కబురొస్తే వెళ్లాను. కూతురు మంచినీళ్లిచ్చి అడిగింది: "చాచా, అబ్బా పేరు కంప్యూటర్ల ఏడనన్న వస్తదా? పిల్లలకు చూపెడ్త."

"చూస్తానమ్మా" అన్నాను.

చూడ్డానికేముంది? అక్కడున్నది నా పేరొక్కటే. ఇంకో పేరు చేరాలంటే ఆ మనిషే దరఖాస్తు పెట్టుకోవాలి.