బల్ల మీది హెల్మెట్

2019 వేసవి. చోడవరం దగ్గర ఒక ప్రైవేటు డెయిరీ వారి పాల శీతల కేంద్రానికి నేను ఇన్‌చార్జిని. కె.కోటపాడు నుంచి స్కూటీ మీద ఆరున్నరకల్లా చేరుకునేదాన్ని. పాలు చెడితే ముక్కుతోనే పట్టేస్తానని, నా కేంద్రంలో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుందని అందరికీ చెప్పుకునేదాన్ని. మొదటిది ఇప్పటికీ నిజమే.

ఊళ్ల నుంచి వచ్చిన పాలను బల్క్ కూలర్ అనే పెద్ద స్టీలు ట్యాంకులో పోసి నాలుగు డిగ్రీలకు చల్లబరుస్తాం. లోపల అజిటేటర్ అని ఒక రెక్క నెమ్మదిగా తిరుగుతూ పాలను కలుపుతుంటుంది. అది ఆగితే అడుగు పాలు చల్లబడతాయి, పైవి వెచ్చగానే ఉండిపోతాయి. వేడిని కొలిచే మీటరు చూసేది అడుగు పాలనే కాబట్టి, అంతా బాగానే ఉందని చూపిస్తుంది.

ఆ వేసవిలో ఒక రోజు చీడికాడ పాల వ్యాను ఆలస్యమైందని డ్రైవరుతో ఇంటి దగ్గరే ఫోన్లో గొడవపడి, ఆ విసురుతోనే వచ్చాను. పదింటికి ట్యాంకు మూత తీయకుండానే మీటరు చూశాను, నాలుగు. పన్నెండింటికీ నాలుగే. రిజిస్టరులో సంతకం పెట్టాను.

మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. పాలు ఎక్కించే ముందు సీఓబీ పరీక్ష చేస్తాం. అంటే గాజు గొట్టంలో కాసిని పాలు మరిగించి చూడడం. విరిగాయి. నమ్మలేక ఇంకో గొట్టం పెట్టాను. అవీ విరిగాయి. రెండు వేల లీటర్లు, తెల్లవారకముందే లేచి ఎవరెవరో పితికిన పాలు, కాలవలోకి వదిలేశాం. నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకోవడం నాకు బాగా అలవాటు.

ఆపరేటరు సన్యాసిరావును పిలిచాను. యాభై దాటిన మనిషి, నాకంటే ముందునుంచీ అక్కడే ఉన్నాడు.

“మోటారు తిరుగుతంది గానీ రెక్క తిరగట్లేదండి. పొద్దున్నే సౌండు మారింది,” అన్నాడు.

“పొద్దున్నే తెలిస్తే ఏం చేస్తున్నావు?”

“ప్లంజరెట్టి కలిపేనండి. సెయ్యి పడిపోయేదాకా కలిపేను.”

ప్లంజరంటే క్యాన్లలో పాలు కలపడానికి వాడే పొడుగాటి కడ్డీ. రెండు వేల లీటర్ల పాలను, నేను అటు తిరిగినప్పుడల్లా, ఆ కడ్డీతో కలిపాడు. నాకు చెప్పడం కంటే అదే తేలికనిపించింది అతనికి.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

అతను తలవంచుకున్నాడు. “హెల్మెట్టు బల్ల మీదుందండి.”

“అయితే ఏటి?” నాకూ యాస వచ్చేసింది.

“మీరు మేకుకి తగిలిస్తే మాటాడొచ్చండి. బల్ల మీదెట్టేరంటే ఆ రోజు మీకాడికి ఎవలం రాం. అందరికీ తెలుసండి.”

“ఎప్పట్నించి?”

“నాలుగేళ్లయిందండి. ట్యాంకు మూత గ్యాస్కెట్టు పోయిందని నేను సెప్తే, ‘నీ చెయ్యి పడ్డదేదైనా బాగుపడిందా’ అన్నారు. పాలవోళ్లందరూ ఉన్నారప్పుడు.”

నాకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. అతనికి అక్షరం పొల్లుపోలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది, స్పీకర్లో పెట్టాను. “ఆపరేటర్ని తీసెయ్యండి. అతని నిర్లక్ష్యమని సాయంత్రంలోగా రిపోర్టు పంపండి,” అన్నారు. సన్యాసిరావు గుమ్మం దగ్గరే ఉన్నాడు, విన్నాడు. ఈ పని తప్ప ఇంకోటి తెలియని మనిషి. నిజం చెప్తున్నాను, ఆ వాక్యం సగం టైపు చేశాను కూడా. తర్వాత చెరిపేసి ఇలా రాశాను: “లోపం ఉదయమే సిబ్బందికి తెలిసింది. ఇన్‌చార్జికి చెప్పే ధైర్యం చేయలేకపోయారు. ఆ పరిస్థితి తెచ్చింది ఇన్‌చార్జే.” మళ్లీ ఫోను. ఇది మీ ఫైల్లో ఉండిపోతుందని హెచ్చరించారు. ఉండనివ్వండి అన్నాను. సన్యాసిరావు ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది.

మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, ఇక ఏదున్నా నాతో చెప్పండి అన్నాను. అందరూ తలూపారు, ఒక్కరూ రాలేదు. మాట ఇచ్చినంత మాత్రాన భయం పోదని అప్పుడర్థమైంది. అందుకని నోటికి రెండు ప్రశ్నలే నేర్పుకున్నాను: ఎప్పటి నుంచి? ఇప్పుడేం చేద్దాం? ఎవరు చేశారన్నది పని చక్కబడ్డాకే. మొదట్లో పళ్లు బిగపట్టి అడిగేదాన్ని. నెలలు పట్టింది గానీ, ముందు లీకయ్యే కుళాయి గురించి చెప్పారు, తర్వాత పగిలిన గొట్టం గురించి, ఆ తర్వాత సొంత పొరపాట్ల గురించి. ఇప్పుడు పెద్ద కేంద్రం నడుపుతున్నాను, బాగానే నడుపుతున్నాను. మీటరుతో పాటు మనుషుల ముఖాలూ చూడడం అక్కడే నేర్చుకున్నాను.

నా కోపం పోయిందని మాత్రం అబద్ధం చెప్పను. చోడవరంలో ఉండగానే, ఆ ఏడాది వానల చివర్లో ఒక పొద్దున మళ్లీ ఎవరితోనో తగువుపడి వచ్చి, హెల్మెట్ బల్ల మీద దబ్బున పెట్టాను. సన్యాసిరావు లోపలికొచ్చాడు. దాన్ని తీసి మేకుకి తగిలించాడు.

“మేడమ్, కంప్రెసరు సౌండు మారింది. ఓపాలి వచ్చి సూడండి,” అన్నాడు.

లేచి అతని వెనకే వెళ్లాను.