మూరెడు సొర, మా మామ్మ, నా జువాలజీ

ఆ రోజుల్లో నాకున్నంత జ్ఞానం మళ్ళీ ఎప్పుడూ లేదు. నరసాపురంలో బీయస్సీ రెండో సంవత్సరం చదువుతూ, సముద్రంలోని జీవాలన్నిటికీ నేనే దిక్కనుకునేదాన్ని (పరీక్షల్లో అదే జువాలజీ నన్నెలా చూసిందో అడక్కండి). మాది చేపల వేటకెళ్ళే ఇల్లు. అక్క అప్పుడే పురుడు పోసుకుంది. బాలింతకి పాలు పడాలంటే సొరపిట్టు, అదే సొరచేప పొడికూర, పెట్టాలని మామ్మ వారం రోజులుగా ఒడ్డునే కాపు కాస్తోంది. ఆ ఉదయం పెదనాన్న వాళ్ళు వల లాగితే, కవళ్ళ చేపల మధ్య మూరెడు సొర ఒకటి కొట్టుకుంటోంది. రెక్కల చివర్లు నల్లగా ఉన్నాయి. కాలేజీ చార్టులో చూసిన బొమ్మే! ప్రపంచంలోనే అరుదైపోయిందని, పట్టకూడదని చట్టం కూడా వచ్చిందని మా లెక్చరర్ గారు చెప్పిన జాతి.

"ముట్టుకోకు మామ్మా! అది పాండిచ్చేరి సొర!" అని అరిచాను.

"పాండిచ్చేరిదైతే అక్కడుండాలిగానీ మన వల్లో దానికేం పనే? ఇలా తే."

"ఇవ్వను. జైల్లో పెడతారు."

"నన్నా? బాలింతకి వండితే జైలేంటే? రమ్మను, ఆళ్ళకీ పెడతాను."

ఇక మాటల్తో పని కాదని సొరను చున్నీలో చుట్టి నీళ్ళలోకి పరిగెత్తాను. నడుం లోతులో వదిలితే అది కృతజ్ఞతగా చున్నీ అంచు కొరికి మరీ వెళ్ళింది. వెనక్కి తిరిగి చేతులు చాపి నిలబడ్డాను, సముద్రాన్ని మా మామ్మ ఎత్తుకుపోతుందేమో అన్నట్టు. పెదనాన్న నవ్వాపుకోలేక ఇసకలో కూలబడ్డారు. మామ్మ నాతో మాటలు మానేసింది. నాలుగోనాడు వేరే సొర దొరికి పిట్టు వండితే, దాని రెక్కలేవని అడిగి చూశాకే తిన్నాను.

క్లాసులో లేచి ఇదంతా చెబితే లెక్చరర్ గారు మాత్రం, "నల్లరెక్కల సొరలు ఇంకా చాలా ఉన్నాయమ్మా. అది మామూలుదేమో," అన్నారు.

"అయితే అవనివ్వండి సార్. వదిలినందుకు నేనేం బాధపడను," అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను కూర్చోలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. అది ఏ జాతో ఈనాటికీ తేల్చలేను. ఈ వయసులో అలాంటిది కంటబడితే ముందు పుస్తకం తిరగేస్తాను, ఇద్దరికి ఫోన్ చేస్తాను, ఈలోగా పాపం దాని ప్రాణం పోతుంది. ఏమీ సరిగా తెలియకుండానే నీళ్ళలోకి దూకేసిన ఆ పొగరుబోతు పిల్ల ఎప్పుడు వెళ్ళిపోయిందోగానీ, ఒక్కోసారి దాన్ని తలుచుకుని నవ్వుకుంటాను.