శివారు వాడి కాఫీ మొక్క

నీళ్ల విషయంలో నా అంత తెలివితక్కువవాడు విజయవాడలో ఇంకొకడు ఉండడని ముందే ఒప్పుకుంటున్నాను. ఎండిపోతుందన్న భయంతో ఒక మొక్కను ముంచి చంపబోయాను. అది చాలదన్నట్టు, దాన్ని ఎవరో చంపుతున్నారని ఇల్లంతా వెతికాను.

నాలుగేళ్ల కిందట మా ఆవిడా, ఆవిడ తమ్ముడూ, నేనూ అరకు వెళ్లి రెండు కాఫీ మొక్కలు తెచ్చుకున్నాం. ఒకటి మాకు, ఒకటి బావమరిదికి. గవర్నర్‌పేటలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన మేము, కింద వాళ్లు. డాబా ఉమ్మడి. కాఫీకి నీడ కావాలన్నారని రెండు కుండీలూ నీళ్ల ట్యాంకు చాటున పక్కపక్కనే పెట్టాం. ఆ నీడలోనే పందెం కూడా వేసుకున్నాం. ముందు ఎవరి మొక్క పూస్తే వాళ్లది గెలుపు. ఓడినవాడు ఏడాది పొడుగునా తెల్లారకముందే లేచి రెండిళ్లకీ కాఫీ కాచి అందించాలి. నాకు మంచం మీదే కాఫీ తాగే అలవాటు, బావమరిదికి నన్ను మంచం మీంచి లేపాలనే సరదా. అందుకని పందెం ఇద్దరికీ ప్రాణం మీదికి వచ్చింది.

నా అనుమానం సంగతి కూడా చెప్పాలి. అది నాకు మా నాన్న ఇచ్చిన ఆస్తి. మావి అవనిగడ్డ వైపు శివారు భూములు. కాలువ నీళ్లు ఊళ్లన్నీ తిరిగి, అందరి పొలాలూ పలకరించి, ఓపిక మిగిలితే మా దాకా వచ్చేవి. మా వంతు రోజున నీళ్లు రాకపోతే పెద్దవాళ్లు గట్టు వెంట ఎగువకు నడుచుకుంటూ వెళ్లేవారు, ఎవడు తూము తెరిచాడో చూడ్డానికి. ఎవడో ఒకడు తెరిచే ఉండేవాడు. నీళ్లు తగ్గాయంటే మా లెక్కలో కారణం వానో ఎండో కాదు, మనిషి. ఇక మా బావమరిది వాళ్ల పొలం ఎగువన, తూము పక్కనే. పెళ్లిచూపుల్లోనే నాకు అనుమానం వచ్చింది గానీ, అమ్మాయి బాగుందని ఊరుకున్నాను.

ఈ ఏడు మార్చి మొదట్లోనే మే నెల ఎండలు వచ్చిపడ్డాయి. బోరు గొంతు బొంగురుపోయింది. పొద్దున కాసేపు నీళ్లు, తర్వాత గాలి. ఆ రోజుల్లోనే నా కాఫీ మొక్క మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులు కిందికి వేలాడేసి నిలబడటం మొదలుపెట్టింది. దాహమనుకున్నాను. నా స్నానం సగానికి తగ్గించుకుని మిగతా నీళ్లు దానికి పోశాను. మొక్కకు మొక్కడం ఒక్కటే తక్కువ. కుండీ నిండి, కింద పెట్టిన ప్లాస్టిక్ పళ్లెం కూడా నిండి పొంగేది. అయినా ఆకులు లేవలేదు సరికదా, పసుపు రంగుకు తిరిగాయి. పక్కనున్న బావమరిది మొక్క మాత్రం పచ్చగా ఉంది. దానికతను నాలుగు రోజులకోసారి చెంబెడు పోయడం కూడా నేను చూడలేదు.

అప్పుడు గమనించాను. పొద్దున నిండుగా ఉన్న పళ్లెం మధ్యాహ్నానికి ఖాళీ.

"ఎండకి ఆవిరైపోయుంటాయండీ," అంది మా ఆవిడ.

"అన్ని నీళ్లు ఆవిరైతే ఈపాటికి నేనూ ఆవిరైపోవాలి."

"మీరు ఆవిరవడం కాదు, ఉడుకుతున్నారు. తిండి తిని పడుకోండి."

పడుకోలేదు. డాబా మెట్ల మీద బియ్యప్పిండి చల్లాను, అడుగులు పడతాయని. పడ్డాయి గానీ చీమలవి. పిండి పాడుచేసినందుకు మా ఆవిడ నా మీద, చీమలు ఇంట్లోకి వచ్చినందుకు బావమరిది భార్య మా ఆవిడ మీద ఎగిరారు. బావమరిది మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అననివాణ్ణి నేను అసలు నమ్మను.

మర్నాడు భోజనం కాగానే తలకు తువ్వాలు చుట్టుకుని ట్యాంకు వెనక నక్కాను. నా కాళ్ల కింద డాబా పెనంలా ఉంది. కాసేపటికి చప్పుడు కాకుండా బావమరిది వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. నా కుండీని పక్కకు జరిపాడు. పళ్లెం ఎత్తి, నీళ్లు తన బకెట్‌లో వంపుకున్నాడు.

"దొరికావు!" అన్నాను.

బకెట్ వదల్లేదు, బెదరనూ లేదు. "ఇంత ఎండలో ఇక్కడేం చేస్తున్నారు బావా? వడదెబ్బ తగిలితే అక్క నన్ను తిడుతుంది."

"నా నీళ్లు ఎక్కడికి పట్టుకుపోతున్నావ్?"

"ఇల్లు తుడుచుకోడానికి. పారబోయడానికి మనసొప్పలేదు."

"నా మొక్క దాహంతో చస్తుంటే నువ్వు ఇల్లు తుడుచుకుంటావా?"

"దాహం కాదు బావా, మునిగిపోతోంది. మీరు కాఫీ పెంచుతున్నారా, వరి నాటారా?"

కుండీలోంచి పిడికెడు మట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. మురుగు కాలువ వాసన.

అతను ఒకప్పుడు పాడేరులో బ్యాంకు ఉద్యోగం చేశాడు. కాఫీ రైతులకు అప్పులిచ్చి, ఆ వంకన కాఫీ పాఠాలు నేర్చుకున్నాడు. అవన్నీ ఆ ఎండలోనే నాకు అప్పచెప్పాడు. ఎండ ముదిరితే కాఫీ మొక్క ఆకు రంధ్రాలు మూసుకుని, ఆకులు వాల్చి, ఉన్న తడిని కాపాడుకుంటుందట. చల్లబడ్డాక మళ్లీ ఎత్తుతుందట. వేళ్లు నీళ్లలో నానితే ఊపిరాడక, చుట్టూ నీళ్లున్నా తాగలేక, అప్పుడూ అలాగే వాలిపోతుందట.

"సాయంత్రం ఎప్పుడైనా వచ్చి చూశారా?"

సాయంత్రం నేను వాకింగ్‌కు పోతాను.

"పైగా ఈ మొగ్గ చూడండి," అని తన మొక్క కొమ్మ వంచి చూపించాడు. ఆకు మొదట్లో ఆకుపచ్చటి గింజల్లాంటివి గుంపుగా ఉన్నాయి. "కొన్నాళ్లు దాహంతో ఉంటేనే ఇవి సిద్ధమవుతాయి. తర్వాత ఒక్క మంచి వాన పడాలి. పడ్డాక వారం పైచిలుకుకి కొండంతా తెల్లబడిపోతుంది. మీరు రోజూ వాన కురిపిస్తుంటే మీదానికి మొగ్గెందుకు వస్తుంది?"

"మరి కొండ మీద వాన ఆలస్యమైతే?"

"అదే ఇప్పుడొచ్చిన తిప్పలు. రావలసినప్పుడు రాదు, మొగ్గ మాడిపోతుంది. రాకూడనప్పుడు కాస్త పడి, సగం పూయించి పోతుంది. ఒకే కొమ్మ మీద పండూ కాయా పువ్వూ ఉంటే రైతు ఎన్నిసార్లని ఏరుతాడు? వాతావరణమే మారిపోయింది బావా."

నేను సగమే నమ్మాను. "ఇదంతా మంచికే అయితే దొంగచాటుగా ఎందుకు?"

"శివారు వాళ్లని నీళ్లు తగ్గించమని మొహమ్మీద చెప్పే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు."

సాయంత్రం వాకింగ్ మానేసి డాబా ఎక్కాను. అతని మొక్క ఆకులు ఎత్తుకుని హాయిగా ఉంది. నాది కూడా, పసుపు ఆకులు పోను మిగిలినవి కాస్త లేపింది. అది నాకు మరీ అవమానంగా తోచింది.

నేను నీళ్లు ఆపాను. అతను నోరు ఆపలేదు. చుట్టాలందరికీ ఫోన్లలో చెప్పాడు, నేను తువ్వాలు చుట్టుకుని ట్యాంకు వెనక కాపలా కాసిన సంగతి. మంగళగిరి నుంచి చీరలమ్మే ఆవిడ వస్తే ఆవిడక్కూడా చెప్పాడు. ఆవిడ నన్ను చూసి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. "ఈ ఏడు కాఫీ మీ చేతి కాఫీయే బావా. లేవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి," అని రోజూ గుర్తుచేసేవాడు.

నా మొక్కకు ఒక్క మొగ్గా లేదు. ఓటమి ఖాయం. అయితే అతనికి పందెం ఒక్కటే కాదు, ఇంకో ముచ్చట కూడా ఉంది. విశాఖలో పెళ్లికి వెళ్లొచ్చి, అప్పటికీ వాన రాకపోతే తానే బకెట్లతో వాన కురిపించి, పూలు విచ్చిన రోజున బంధువులందర్నీ డాబా మీదికి పిలుస్తానన్నాడు. కాఫీ పువ్వు రెండు రోజులకు మించి ఉండదని కూడా తనే చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

అతని ప్రయాణానికి వారం ముందు, వాళ్లింట్లో అందరూ బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు, రెండు బకెట్ల నీళ్లు, పిండి జల్లెడ పట్టుకుని డాబా ఎక్కాను. జల్లెడలోంచి మెల్లగా అతని మొక్క మీద వాన కురిపించాను.

బట్టలు తీయడానికి వచ్చిన మా ఆవిడ చూసింది. "ఈ వయసులో ఈ వరుణుడి వేషమేవిటండీ?"

"కరువు నివారణ."

ఆవిడ నన్నూ జల్లెడనూ మార్చి మార్చి చూసింది. "జల్లెడ కడిగి పెట్టండి," అని దిగిపోయింది.

వాళ్లు రైలెక్కిన మర్నాడు పొద్దున డాబా తలుపు తీయగానే మల్లెపూల వాసన. కొమ్మకొమ్మకీ తెల్లటి పూలు, ఆకులు కనపడనంతగా. మా ఆవిడా నేనూ కుర్చీలు వేసుకుని, వాటి పక్కన కూర్చుని రెండు రోజులు కాఫీ తాగాం.

"ఫోటో తీసి వాడికి పంపుదామా?" అంది మా ఆవిడ.

"పెళ్లిలో ఉన్నాడు. డిస్టర్బ్ చేయకు."

పెళ్లి నుంచి తిరిగి రాగానే అతను పెట్టె కింద పడేసి నేరుగా డాబా మీదికే వచ్చాడు. అప్పటికి కొమ్మల నిండా మాడిపోయిన గోధుమరంగు రేకులే ఉన్నాయి. చాలాసేపు వంగి చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఇన్నాళ్లూ అది నా మొహం మీదే ఉండేది.

"పందెం నువ్వే గెలిచావోయ్," అన్నాను పెద్దమనసుతో.

"నీళ్లెవరు పోశారు బావా?"

"ఎవరూ పోయలేదు. అకాల వర్షం. వాతావరణమే మారిపోయిందని నువ్వే అన్నావుగా."

"ఊళ్లో చినుకు పడలేదట. ఈ ఒక్క కుండీ మీదే పడిందా?"

"చిన్న మబ్బు," అన్నాను.