గుమ్మంలో ముగ్గు

ఆ తెల్లవారుజామున నాలుగూ యాభైకి గేటు కెమెరాలో ఉన్నవి ఇవి: ఒక పెద్దావిడ, నీళ్ళ బకెట్టు, ఈనెల చీపురు, ముగ్గుపిండి పోసిన కొబ్బరిచిప్ప, ఒక వీధికుక్క. లోపల, కిటికీ తెర వెనక, హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు. నేను అక్కడ లేను. అమలాపురంలో నా గదిలో నిద్రపోతున్నాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళ రివ్యూ వచ్చింది. "ఇంట్లో దెయ్యం ఉంది. చీకట్లో తెల్లచీర కట్టుకున్న మనిషి గుమ్మం ముందు వంగి కూర్చుంది. ఓనరు ముందుగా చెప్పలేదు." అయిదుకి ఒక్క స్టారు.

ఆ ఇల్లు కొత్తపేట దగ్గర కాలవగట్టు వీధిలో ఉంది. నేను లీజుకి తీసుకుని, రంగులేయించి, ఏసీ పెట్టించి, కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన ఇస్తున్నాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు అందులో అద్దెకున్నది కెమెరాలో కనిపించిన ఆ పెద్దావిడే. నేను తీసుకున్నాక ఎదురుగా ఒంటిగదిలోకి మారేరు. మంచం, పొయ్యి, రెండు ట్రంకుపెట్టెలు వీధి దాటించడానికి అరగంట పట్టింది. ముగ్గు మాత్రం మారలేదు. రోజూ తెల్లారకముందే వచ్చి పాత గుమ్మం ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసి వెళ్ళేవారు. నేను వెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. కెమెరా మనిషి కదలిక పసిగట్టగానే నా ఫోను ఒకసారి మోగేది. పక్కకి తిరిగి పడుకునేవాణ్ణి.

రివ్యూకి అయిదు అంశాలుగా జవాబు రాసేను. చీర ఆకుపచ్చది. ఆవిడ ఉన్నది పదిహేడు నిమిషాలు. తలుపు ముట్టుకోలేదు. కిటికీవైపు చూడలేదు. వీడియో ఉంది. అయిదూ నిజాలే. ఆవిడెవరో మాత్రం రాయలేదు. అతిథి అనుభవాన్ని తీసెయ్యలేమని సైటువాళ్ళు చెప్పేరు. ఆ వారంలో రెండు బుకింగులు రద్దయ్యేయి. లోపం ఎక్కడుందో అక్కడే సరిచెయ్యాలని నాకు కాలేజీలో నేర్పేరు. ఆదివారం ఎదురుగదికి వెళ్ళేను.

"మామ్మగారూ, ఇంక మీరు ముగ్గెయ్యద్దండి. వచ్చినవాళ్ళు జడుసుకుంటున్నారు."

"నన్ను చూసా?" నవ్వేరు. "రోజూ అద్దంలో చూసుకుని నేనే జడుసుకోట్లేదు కదా బాబూ!"

"మార్కులు పోయేయండి. అయిదుకి ఒకటే ఇచ్చేరు."

"నా ముగ్గుకా?"

"ఇంటికండి."

"మరి ముగ్గుకెన్నేసేరు?"

నేను నవ్వలేదు. సంచిలోంచి స్టిక్కరు తీసి చూపించేను. ఏడు చుక్కలు, ఏడు వరసలు, చుట్టూ మెలికలు. గుమ్మం కొలిచి మరీ తెప్పించేను. వీధి దాటి, ఆవిడ చూస్తుండగానే గుమ్మంలో అతికించేను. వంగి, వేలు తడిచేసి ఒక చుక్క మీద రుద్దేరు.

"నీళ్ళు పోసినా పోదా?"

"పోదండి. అయిదేళ్ళు గ్యారంటీ."

"ఆయ్. అయితే నాకంటే ఎక్కువే," అని గుమ్మం పక్కనున్న తన చీపురు తీసుకుని వెళ్ళిపోయేరు.

ఆ తర్వాత ఆ వేళకి ఫోను మోగలేదు. నాకు మాత్రం నాలుగూ యాభైకి మెలకువ వచ్చేది. కెమెరా తెరిచి చూసేవాణ్ణి. ఖాళీ గుమ్మం, అందులో ఒక్క గీతా చెదరని ముగ్గు. కొన్నాళ్ళు కుక్క వచ్చి అక్కడే కూర్చుని వెళ్ళేది. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందని అతిథులు రాసేవారు. స్టార్లు అయిదు.

వానాకాలంలో ఒక పొద్దున్న, అతిథులకి తాళాలివ్వడానికి వెళ్ళేసరికి వీధిలో జనం ఉన్నారు. మామ్మగారు రాత్రి నిద్రలోనే పోయేరట. ఎదురుగది అరుగు మీద పడుకోబెట్టేరు. ఆ వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఏ గుమ్మంలోనూ ముగ్గుండదు. ఉన్నదాన్ని కూడా నీళ్ళు పోసి చెరిపేస్తారు. పదకొండు ఇళ్ళు. పది గుమ్మాలు బోసిగా ఉన్నాయి.

పక్కింటాయన దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు: "బాబుగారూ, మీ గుమ్మంలో ముగ్గుందండి. ఆవిడకెదురుగానే ఉందండి."

మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళతో గీకేను. వేణ్ణీళ్ళు పోసేను. ఎవరో కొబ్బరికాయల కత్తి తెచ్చిచ్చేరు. వెనక్కి తిరిగి చూడలేదు. వంగి కూర్చుని ఉన్నానని, కెమెరా పైనుంచి చూస్తోందని, జేబులో ఫోను మోగినప్పుడు తెలిసింది.

మెలికలన్నీ ఊడి వచ్చేయి. చుక్కలు ఓ పట్టాన రాలేదు. పాడె లేచే వేళకి నలభై తొమ్మిదిలో ముప్పై ఒకటి పోయేయి. పద్దెనిమిది ఉన్నాయి.